బావ కారులో నీలం డబ్బా

మా బావని టాక్సీ స్టాండులో అందరూ మైలేజీ అనే పిలుస్తారు. పెట్రోలు ఆదా చేస్తుందన్న పరికరం ఎక్కడ కనిపించినా తెచ్చి కారుకు బిగించడం ఆయనకు జబ్బు. బిగించేది ఆయన కాదు లెండి, నేను. బావమరిది మెకానిక్కయితే ఏ బావ ఊరుకుంటాడు?

పెట్రోలు పైపుకి అయస్కాంతాలు కట్టాం. గాలి వెళ్లే గొట్టంలో మెలికల రేకు దూర్చాం. కారుకు జ్వరమొచ్చినట్టు ట్యాంకులో మాత్రలు కూడా వేశాం. ప్రతిదీ మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసేది, తర్వాత మామూలే. విప్పేసినవన్నీ నా షెడ్డులో పాత టైరు నిండా పడి ఉన్నాయి. "ఇవన్నీ దండగ బావా" అంటే వినడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

చివరికి స్టీరింగు కింద గుచ్చే డబ్బా ఒకటి తెచ్చాడు. దానికి నీలం లైటు. అది ఇంజను మనసు తెలుసుకుంటుందట! పెట్టిన మర్నాటి నుంచే మైలేజీ పెరిగింది. ఈసారి బావ అక్కడితో ఆగలేదు. తానే ఏజెంటునవుతానని కంపెనీకి చెప్పి, పెట్టెడు డబ్బాలు తెప్పించి మంచం కింద పెట్టాడు. స్టాండులో వాళ్లు తలా ఒకటి కావాలన్నారు. బావ మాట మీద వాళ్లకంత గురి. నా భయమూ అదే. డబ్బా సంగతి సరే, నాలుగు రోజులు పోతే ఆ గురి ఏం కావాలి?

మా అక్క డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, "మెల్లగా! కాలికింద గుడ్డు ఉందనుకోండి" అంటూ గొంతు అరగదీసుకునే మనిషి. స్టాండులో అందరికీ తెలిసిన ఆ మాట మొగుడికి మాత్రం చెవికెక్కేది కాదు.

"డబ్బాలు పంచేముందు అందరి ఎదుటా ఒకసారి నడిపి చూపించండి" అంది అక్క.

"ఓ, దానికేం!" అని మీసం దువ్వాడు బావ.

ఆదివారం పొద్దున్నే స్టాండంతా పెట్రోలు బంకు దగ్గర చేరింది. ట్యాంకు మూతిదాకా నింపించి, బావ బైపాసు చివరిదాకా వెళ్లొచ్చాడు. మళ్లీ నింపితే ఎంత పడితే అంత తాగినట్టు లెక్క. చాలా తక్కువ పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చుని వెళ్లిన నేను మాత్రం దారంతా ఆయన కాలినే చూశాను. నిద్రపోతున్న పసిపాపని తాకినట్టు తాకాడు పెడల్ని. మామూలుగా పచ్చలైటు పడితే చాలు, పగబట్టినట్టు తొక్కే మనిషి! కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా?

"ఒరేయ్ తమ్ముడూ, ఆ డబ్బా పీకెయ్. ఇప్పుడు నేను నడుపుతా" అంది అక్క.

అదే కారు, అదే దారి. వెనక సీట్లో బావ. తిరిగొచ్చాక ట్యాంకులో ఇంకా తక్కువ పట్టింది. బావ ముఖం చూడలేక నేను నేల చూపులు చూశాను. అక్క మీద కోపం కూడా వచ్చింది. ఇంత మందిలో ఎందుకు, ఇంట్లోనే చెప్పొచ్చు కదా!

"చెల్లెమ్మ వెళ్లినప్పుడు ట్రాఫిక్కు తగ్గిందేమోలే" అని స్టాండు పెద్దాయన దారి చూపించాడు. ఆ దారిన జారుకుంటే సరిపోయేది. బావ తల అడ్డంగా ఊపాడు.

"లేదన్నా. పనిచేసింది డబ్బా కాదు. కొత్తది పెట్టినప్పుడల్లా పెట్రోలు ముల్లు చూసుకుంటూ నేనే బుద్ధిగా నడుపుతున్నా, అంతే. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగా. ఇవి ఎవరూ కొనకండి."

పెద్దాయన ఆయన భుజం తట్టి, అక్క వైపు తిరిగాడు. "అయితే ఆ గుడ్డు పాఠమేదో మాకూ చెప్పమ్మా!"

అందరూ పకపకా నవ్వారు. బావా నవ్వాడు. ఆయన బావమరిదినైనందుకు ఆ పూట నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

డబ్బాలన్నీ కంపెనీకి తిరిగి వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం లైటు వెలగకుండా బావ కారు డాష్‌బోర్డు మీద కూర్చుంది. మొన్న నేను పక్కనుండగానే ఒక ప్రయాణికుడు అడిగాడు.

"ఇది నిజంగా మైలేజీ పెంచుతుందా?"

"ఎందుకు పెంచదండీ! దీన్ని చూస్తే మా ఆవిడ గుర్తొస్తుంది. కాలు దానంతట అదే పైకి లేస్తుంది" అన్నాడు బావ.