ఏ పూట ఏడుస్తోంది?

మేముండే లండన్ కెనడాదే. ఉదయం ఏడున్నరకు టొరంటో రైలుంది. టికెట్లు ముందుగా కొనుక్కుంటే చవక. నాతోపాటు మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే హరిత ఎక్కింది. యానిమేషన్ చదవడానికి నిజామాబాద్ నుంచి వచ్చిన పిల్ల. రంగులేసే పనిలో మొదలై డైరెక్టర్ అయిన జపాన్ ఆవిడ ఒకరు టొరంటోలోనే ఉన్న నార్త్ యార్క్‌లో మాట్లాడతారని, నన్ను తోడు రమ్మంది.

పిల్ల మనసు మనసులో లేదు. కోర్సు అయిపోయింది. ఒక స్టూడియోవాళ్ళు రంగులేసే ఉద్యోగం ఇస్తామన్నారు. సాయంత్రం ఆరులోగా జవాబు చెప్పాలి. మొదటి పని ఇదేనంటూ బొమ్మ కూడా పంపారు: బస్టాపులో గొడుగుతో ఒంటరిగా నిలబడ్డ ముసలాయన.

"డైరెక్టర్ అయితనని వచ్చిన, ఆంటీ. ఎవరో గీసిన బొమ్మలల్ల రంగులు నింపనీకా?" అంది.

ఎదురు సీట్లో రిటైరైన తెలుగు డాక్టరుగారు ఉన్నారు. "రంగులెయ్యడానికి కెనడా దాకా రావాలా అమ్మా?" అన్నారు.

"మీరు సూదులెయ్యనీకి రాలేదా అంకుల్?"

ఆయన పకపకా నవ్వి, మా పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు.

పదింటికి దిగి సబ్‌వే రైలెక్కాం. హాలు స్టేషన్ పక్కనే. ఎలివేటర్ ఉంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడక్కర్లేదు.

ఆవిడ పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉన్నారు. ప్రశ్నలు అడగమన్నప్పుడు నేను లేచాను. నా తెలుగును హరిత ఇంగ్లీషు చేస్తే, స్టేజీ మీది అమ్మాయి జపనీసు చేసింది.

"అన్నేళ్ళు ఇంకొకళ్ళ బొమ్మలకి రంగులేస్తుంటే కడుపు మండలేదా అమ్మా?"

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. జవాబు అదే దారిలో వెనక్కొచ్చింది.

"మండింది. ఒకసారి ఏడుస్తున్న పిల్ల బొమ్మ ఇచ్చారు. ఏ పూట ఏడుస్తోందని అడిగాను. వేళను బట్టే కదా ముఖం మీద రంగు! అక్కడెవరికీ తెలియదు. ఎందుకు ఏడుస్తోందో నేనే ఆలోచించుకుని, సాయంత్రమని తేల్చాను. నన్ను డైరెక్టర్ని చెయ్యడానికి వాళ్ళకి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. నేను మాత్రం ఆ రోజే అయిపోయాను."

తిరుగు రైలు ఐదున్నరకు. హరిత ముసలాయన బొమ్మనే చూస్తూ కూర్చుంది. ఆరు కావస్తుండగా స్టూడియోకి ఫోన్ చేసింది. చేరతానని చెప్పి, ఈయన బస్టాపుకి ఏ పూట వచ్చాడని అడిగింది.

"కనుక్కొని చెప్తరంట," అని ఫోన్ పెట్టేసి, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

కిటికీ అవతల పొలాల మీద ఎండ వాలుతోంది. "ఆ రంగు వెయ్యవే, బాగుంటుంది," అన్నాను.

"కాదాంటీ, ఆయనకింకా పొద్దున్నే. బస్సు వస్తదనే అనుకుంటున్నడు."