ఎడమ తలుపు హ్యాండిల్

షెడ్డులో అందరూ అతన్ని నిగనిగ అంటారు. పాత కార్ల బంపర్లకీ, దీపాల చుట్టూ ఉండే రింగులకీ, తలుపుల హ్యాండిళ్ళకీ పట్టిన తుప్పు వదలగొట్టి మెరుగు పెట్టడం అతని పని. గోళ్ళ చుట్టూ నల్లటి గీత ఏ సబ్బుకీ పోదు. ఎవరైనా ఫొటో తీస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

మితభాషే. కానీ తుప్పు మీద వెండి రంగు పూసి పని అయిపోయిందనేవాళ్ళ మాటొస్తే ఊరుకోడు. "ముఖం కడుక్కోకుండా పౌడరు రాసుకోవడమది" అంటాడు, పక్క వరసలో పెయింటరు వింటుండగానే.

బావ తన తండ్రి నడిపిన పాత కారును ఆ షెడ్డుకే తెచ్చాడు.

"మీ అక్క ఇంకెవరి చేతా ముట్టించొద్దందోయ్. ఇంట్లో గిన్నెలు కూడా నాకంత నమ్మకంగా ఇవ్వదు."

"నువ్వు తోమితే మళ్ళీ తనే తోముకోవాలిగా బావా!"

పని బాగానే సాగింది. అల్యూమినియం ఫాయిల్ ముక్కను నలిపి, నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దితే బంపరు మీది తుప్పు గోధుమరంగు బురదలా దిగిపోయింది. రింగుల్లో ముఖం కనిపించింది. ఎడమ తలుపు హ్యాండిల్ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. బొటనవేలు ఆనే చోట క్రోమ్ పూత పొక్కిపోయి ఉంది. పూత లేచిన చోట ఇంకా గీకకూడదు, ఆ మచ్చను అలాగే వదిలేయాలి. కొత్తగా పనికొచ్చినవాళ్ళకి అతనే చెప్పే మాట అది.

"ఇది వదిలేశావేం? నీకూ లొంగనిది ఒకటుందన్నమాట!" అని బావ ఏడిపించాడు.

నిగనిగ నవ్వాడు. బావ అటు వెళ్ళగానే హ్యాండిల్ ఊడదీసి మెరుగు చక్రానికి ఆనించాడు. పొక్కు పోయింది. దాంతోపాటు పూతా పోయింది. కింద రాగి ఎర్రగా, పుండులా బయటపడింది.

మళ్ళీ పూత వేయించొచ్చు. అందుకు హ్యాండిల్ ఇంకోచోటికి పంపాలి, పాడు చేశానని బావకి చెప్పాలి. చక్రం ఆపి ఆ మాట నోట్లోనే అనుకుని చూశాడు. చివరికి పెయింటరు దగ్గరికి నడిచాడు.

"కాస్త వెండి రంగుంటే ఇస్తావా? ఇంట్లో ఫ్యాను రెక్కకి."

"మీ ఇంట్లో ఫ్యాన్లు కూడా పౌడరు రాసుకుంటాయా?" అంటూనే పెయింటరు డబ్బా అందించాడు. ఆ రాత్రి పొద్దుపోయాక రంగు పూసి, ఆరీ ఆరకముందే హ్యాండిల్ బిగించేశాడు నిగనిగ.

మర్నాడు బావతో అక్క కూడా వచ్చింది. "రండయ్యా, మా బావమరిది పనితనం చూడండి!" అని బావ షెడ్డంతా వినపడేలా పిలిచాడు. పెయింటరూ వచ్చి నిలబడ్డాడు.

అక్క ఎడమ తలుపు తీసింది. చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు చూసుకుంది, తర్వాత తమ్ముణ్ణి చూసింది. పిడికిలి మూసి, పైన కొంగు చుట్టుకుని సీట్లో కూర్చుంది.

"చాలా బాగుంది" అంది.

తలుపు వేయడానికి బావ చెయ్యి చాపాడు.

"మీరుండండి, నేను వేసుకుంటా" అని అక్క గబుక్కున లోపల్నుంచి తలుపు లాక్కుంది.

రంగు పూసినప్పుడు కూడా నిగనిగకి ఇంత సిగ్గు వేయలేదు. అక్క తన కోసం, కట్టుకున్న మనిషి దగ్గరే దొంగలా పిడికిలి దాచుకుంటోంది.

"బావా, ఆ హ్యాండిల్ నేను పాడు చేశాను. పైన కనిపిస్తున్నది వెండి రంగు."

హాస్యమనుకుని బావ నవ్వబోయాడు. బొటనవేలితో హ్యాండిల్ను రుద్ది, వేలు చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"పొక్కుంటే ఏమయ్యేదిరా? మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఉన్నదే. ఊరికే ఏడిపించాను."

పౌడరు మాట ఇప్పుడు పడుతుందని నిగనిగ తల వంచుకుని కాచుకున్నాడు. పెయింటరు తన చోటికి వెళ్ళి, రంగు వదిలించే థిన్నర్‌లో తడిపిన గుడ్డ తెచ్చి అక్కకి అందించాడు.

"నీళ్ళకి పోదమ్మా ఇది."

అక్క చేతులు తుడుచుకుంది. నిగనిగ ఆ గుడ్డ అడిగి తీసుకుని, అందరూ చూస్తుండగానే హ్యాండిల్ మీది రంగు తుడిచాడు, రాగి ఎర్రగా బయటపడేదాకా. తర్వాత హ్యాండిల్ విప్పి పూతకి పంపడానికి స్క్రూడ్రైవర్ కోసం వెళ్ళాడు.