కంపెనీలోని రొట్టె

మైత్రీవనం వెనక సందులో ఒక హాస్టల్ పై అంతస్తులో, శుక్రవారం సాయంత్రాలు మా ప్రార్థన కూడిక జరుగుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోచింగ్ పిల్లలు. ఎర్రమంజిల్‌లో ఆఫీసు కాగానే నేను నేరుగా అక్కడికే వెళ్తాను. చాలా ఏళ్లుగా బైబిల్ వాక్యం చెప్పేది నేనే. వాక్యం అయ్యాక, ఇంటర్వ్యూలు ఉన్న పిల్లలు మధ్యలో మోకరిస్తారు. ఆ రోజు వాక్యం చెప్పినవారే వాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాలి. అది మా పద్ధతి. నూనె రాసిన జడలు, జెల్ పూసిన క్రాపులు అన్నీ నా అరచేతికి తెలుసు.

పోయిన వానాకాలం వరంగల్ నుంచి ఒకతను వచ్చి మా కూడికలో చేరాడు. స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాడు, ముప్పై దాటి ఉండవు. వాక్యానికి ముందు పది నిమిషాలు పిల్లలకు ఒక ఇంగ్లీషు మాట చెప్పమని పెద్దలం అతన్ని అడిగాం. మొదటి రోజు అతను ఎంచుకున్న మాట కంపెనీ.

"కంపెనీ అంటే ఏంది?"

"జాబ్ ఇచ్చేది సార్."

"ఇయ్యనిది సుత కంపెనీయే," అని వెనక నుంచి ఇంకొకడు అన్నాడు. అందరూ నవ్వారు.

కృష్ణానగర్ నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టు ఒకామె, "మాకైతే సినిమా తీసేటోళ్లు. కంపెనీ బండి వస్తెనే మాకు ఆ రోజు కూలి," అంది.

"మరి 'జర కంపెనీ ఇయ్యి భాయ్, చాయ్ తాగొద్దాం' అంటరు గదా. అండ్ల ఆఫీసు ఏడున్నది?" అన్నాడతను. సైనికుల దండును కూడా కంపెనీ అంటారని, ఓడల్లో వచ్చిన వర్తకులను మన పెద్దవాళ్లు కుంఫిణీ అన్నారని చెప్పాడు. చివరికి లాటిన్ దాకా తీసుకెళ్లాడు. "కలిసి అని ఒక ముక్క, రొట్టె అని ఒక ముక్క. ఒక్క రొట్టెను పంచుకొని తినేటోళ్లు. గదీ దీని పుట్టుక."

హాలంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అరగంట మాట్లాడితే, ఎప్పుడో ఒకసారి నాకు దొరికేది. అతనికి పది నిమిషాల్లో దొరికింది, అదీ లేఖనం తెరవకుండానే. రొట్టె విరవడం గురించి ఎన్ని శుక్రవారాలు మాట్లాడాను నేను! ఆ రొట్టె నాది.

కొన్ని వారాల్లో ఆ పది నిమిషాలు ఇరవై అయ్యాయి. తర్వాత మా సంఘపెద్ద, "ఈ వారం వాక్యం కూడా బ్రదర్ చెప్తాడమ్మా, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి," అన్నారు. విశ్రాంతి కావాలని నేను అడగలేదు. పిల్లలు అతని ముందు మోకరించారు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. అసూయ మీద నేను ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. ఆ మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి గానీ ఒక్కటీ నాకు పనిచేయలేదు. తర్వాతి వారాల్లో కూడా వాక్యం అతనిదే అయింది.

చలికాలంలో ఒక శుక్రవారం అతనే వాక్యం నాకు అప్పగించి, తర్వాత మధ్యలోకి వచ్చి మోకరించాడు. బెంగళూరులో ఒక కంపెనీ, వాళ్ల ఉద్యోగులకు ఇంగ్లీషు నేర్పే పని, సోమవారం ఇంటర్వ్యూ.

"మీరే చెయ్యి పెట్టాలె అమ్మా."

పెట్టాను. బెంగళూరు అనే మాట వినగానే నాలో కదిలిన ప్రార్థన అంతకు ముందెన్నడూ కదల్లేదు. తలుపులు తెరువు తండ్రీ, అడిగేవాళ్ల మనసు మెత్తబరచు, అక్కడ మంచి ఇల్లు చూపించు, మంచి సంఘం చూపించు, ఆలస్యం చేయకు అని వేడుకున్నాను. హాస్టల్ వార్డెన్ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "కన్నకొడుక్కి సుత ఇట్ల ప్రార్థన చెయ్యరు ఆంటీ," అంది.

రెండు వారాలకు అతను స్వీటు డబ్బాతో వచ్చాడు. "మీ ప్రార్థననే అమ్మా. జాబ్ వచ్చింది."

"ప్రయాణం ఎప్పుడు బాబూ?"

"ఏడికి పోత అమ్మా? ఇంటి నుంచే పని అన్నరు. సాయంత్రం క్లాసులు సుత బందు పెట్టిన. బుధవారం కూడిక సుత నన్నే చూసుకొమ్మన్నరు పెద్దలు."

చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు. నేనూ అని, కోవా బిళ్ల ఒకటి తీసుకున్నాను.

ఇప్పుడు ఆఫీసులో భోజనాల వేళ ఇంగ్లీషు మాటల పుట్టుకలు నేనూ చదువుతున్నాను. వచ్చే శుక్రవారానికి ఒక మంచి మాట దొరికింది. అది అతనికి ముందే తెలిసి ఉండకూడదని ప్రార్థిస్తున్నాను.