గేట్‌కీపర్ దుర్గయ్య మందుసీసా

ఆబిడ్స్‌లో ఒక టాకీసు. అందులో బెంచీ క్లాసు గేటు దగ్గర దుర్గయ్య నిలబడి పదకొండేళ్లు. టికెట్టు చింపి సగం డబ్బాలో వేయడం, సగం చేతిలో పెట్టడం ఆయన పని. సొంత బావమరిది పెంటయ్య ఊరి నుంచి వచ్చి, "బావా, జర లోపటికి పోనియ్యే" అంటే "టికెట్ ఏది?" అని అడిగిన మనిషి. పెంటయ్య అలిగి రెండేళ్లు గడప తొక్కలేదు. పట్నంలో నిజాయితీకి దొరికే బహుమానం అదొక్కటే, చుట్టాల బెడద తగ్గడం.

దుర్గయ్యను పీడించేది దమ్ము, అంటే ఉబ్బసం. హాల్లో దీపాలు ఆరగానే బీడీలు వెలుగుతాయి. ఆ పొగకు ఆయన ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. తెరమీద హీరోయిన్ ప్రాణం విడిచేటప్పుడు, జనం ముక్కులు చీదుకుంటుంటే, గేటు దగ్గర దగ్గు లేస్తుంది.

"ఎవడ్రా వాడు? ఆమెకన్నా ముందు పోయేటట్టున్నడు!" అని ఎవడో అరుస్తాడు. ఏడవాల్సిన హాలంతా నవ్వుతుంది.

మూడోసారి ఇట్లా అయ్యాక మేనేజర్ పిలిచాడు. "దుర్గయ్యా, జనం ఏడ్వనీకె పైసలిస్తున్నరు. దసరా దాంక చూస్త. దగ్గు తగ్గితే గేటు నీది. లేకుంటే నీ తొవ్వ నువ్వు చూస్కో."

దసరాకు ఇంకా రెండు నెలలుంది. నాంపల్లిలో దుర్గయ్య కిరాయికుండే వాడలో తలొకరు తలో వైద్యుణ్ణి చెప్పారు. హకీం సాబు నాడి పట్టి, ఆరు నెలలు పొగకు దూరంగా ఉండమన్నాడు. అంటే జీతానికి దూరంగా. ప్రైవేటు డాక్టరు సూది వేస్తే ఊపిరి తిరిగొచ్చింది గానీ, ఫీజు చెప్పగానే మళ్లీ పోయింది. ఇక మిగిలింది సర్కారు దవాఖాన. అక్కడ మందు ఉచితం, సీసా మాత్రం మనమే తెచ్చుకోవాలి. భార్య లక్ష్మీనర్సమ్మ తలనూనె సీసా కడిగిచ్చింది. ఎన్నిసార్లు కడిగినా మందులో సంపెంగ వాసన పోలేదు.

కంపౌండర్ రామచందర్ సీసాలో ఎర్రమందు పోసి, ఆరు గాట్లు పెట్టిన కాగితం పట్టీ పక్కన అంటించేవాడు. పొద్దున ఒక గాటు, మాపు ఒక గాటు. మూడు రోజులకు సరి. నాలుగోనాడు మళ్లీ రావాలి. చిట్టీకి ఒక లైను, డాక్టరుకు ఒకటి, మందుకు ఇంకొకటి. మూడూ దాటేసరికి టాకీసులో మధ్యాహ్నం ఆట మొదలై ఉంటుంది. మందు ఊరికే ఇచ్చే సర్కారు, దాన్ని తెచ్చుకునే తీరిక మాత్రం ఇవ్వదు.

దుర్గయ్య తనకు చేతనైన పని చేశాడు. టికెట్టు చింపినట్టే ప్రతి గాటునూ సగం చేశాడు. సీసా ఆరు రోజులొచ్చింది. లైన్లు సగమయ్యాయి. దగ్గు మాత్రం పూర్తిగా మిగిలింది.

నెల గడిచాక రామచందర్‌కు అనుమానం వచ్చింది.

"మూడు దినాల మందు ఆరు దినాలెట్లొస్తున్నదయ్యా?"

"సగం సగం తాగుతున్న సాబ్. మాటిమాటికి లైన్ల నిలవడితె గేటు పోతది."

"సగం తాడేస్తే బాయిల నీళ్లందుతయా? ఇంతకు ఏ గేటు?"

దుర్గయ్య టాకీసు పేరు చెప్పాడు. రామచందర్ ముఖం వెలిగిపోయింది.

"అరే, గాడ టికెట్ లైన్లనే నా పాణం పోతున్నది! ఒక పని చెయ్. సీసాలు రెండు పెట్టు, ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర. డాక్టర్ సాబ్‌కు నేను చెప్త, నెలకొకసారి కనపడు చాలు. శుక్రారం నాలుగు దినాల మందు, మంగళారం మూడు దినాల మందు నేనే తెస్త. నన్ను లోపటికి పోనియ్యి."

"రెండుసార్లు ఒకటే ఆట జూస్తరా?"

"రెండోసారి పాటలకు."

ఇంటికొచ్చి చెబితే లక్ష్మీనర్సమ్మ మూతి తిప్పింది. "నా తమ్ముణ్ణి పోనియ్యలే గని, కంపౌండర్ను పోనిస్తవా?"

దుర్గయ్య ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. ఇటు ఊపిరి, అటు పదకొండేళ్ల మాట.

శుక్రవారం రామచందర్ చేతిలో సీసాతో గేటు దగ్గరికి వచ్చాడు. దుర్గయ్య దారికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"టికెట్ ఏది సాబ్?"

"ఏంది దుర్గయ్యా! మందు కావాల్నా, వద్దా?"

దుర్గయ్య చొక్కా జేబులోంచి ఒక టికెట్టు తీసి ఆయన చేతిలో పెట్టాడు. గేటు తెరవకముందే తానే లైన్లో నిలబడి, సొంత డబ్బుతో కొన్నది. మళ్లీ దాన్నే తీసుకుని చింపి, సగం డబ్బాలో వేసి, సగం ఆయనకిచ్చాడు.

"ఇగ పోన్రి."

ఆ రోజు నుంచి దుర్గయ్య గాటు గాటంతా తాగాడు. దమ్ము పోలేదు గానీ మెత్తబడింది.

దసరా ముందురోజు మేనేజర్ వచ్చి గేటు పక్కన నిలబడ్డాడు. తెరమీద హీరోయిన్ కన్ను మూస్తోంది. దుర్గయ్య గోడ పట్టుకుని నిలుచున్నాడు. పిల్లికూత ఒక్కటి గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది. హాలంతా కరువుతీరా ఏడ్చింది. బెంచీల్లోంచి ఒక గొంతు మాత్రం అందరినీ మించి భోరుమంది.

మేనేజర్ తృప్తిగా తలాడించాడు. "బాగున్నది దుర్గయ్యా. ఇగ గేటు నీదే. గని గట్ల ఏడుస్తున్నడు, ఎవడయ్యా వాడు?"

దుర్గయ్య తొంగిచూడకుండానే చెప్పాడు.

"టికెట్ ఉన్నోడే సార్."