బొటనవేలి అంకుల్

జురాంగ్ ఈస్ట్‌లో మా పై అంతస్తు అంకుల్‌కి ఒక అలవాటుండేది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కాఫీ చెప్పాలన్నా ముందు బొటనవేలు గాల్లో వెనక్కి లాగేవారు. పాతకాలపు కౌబాయ్ రివాల్వర్ అంతేనట. తూటా పేల్చే ప్రతిసారీ తుపాకీ వెనకున్న హ్యామర్ అనే చిన్న మీటని బొటనవేలితో లాగాలి, లేకపోతే పేలదు. అమెరికా కంపెనీదా, ఇటలీవాళ్లు చేసే నకలా, ఏది గొప్పదన్నది ఆయన జీవిత సమస్య. లాగిలాగి ఆ వేలు చూపుడువేలంత పొడుగైందంటే నమ్మాలి మీరు.

"ఈ ఊళ్లో బొమ్మ తుపాకీ పట్టుకున్నా పోలీసులొస్తారు. ఏదైతే మీకేంటండీ?" అనేవారు ఆంటీ.

"కొనేదెవడే? తేల్చుకోవాలి, అంతే!"

తేల్చుకోవడానికే మమ్మల్నందరినీ సాక్షులుగా వెంటేసుకుని థాయ్‌లాండ్‌లో ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లారు. బల్లమీద రెండూ పెట్టారు. నేర్పబోయినాయన్ని "నాకు తెలుసు" అని పక్కకి జరిపి, అమెరికాది ఎత్తి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కారు. పేలలేదు. ఇటలీది నొక్కారు. అదీ పేలలేదు.

"రెండు కంపెనీలూ దండగ!" అని తీర్పు చెప్పేశారు అంకుల్.

ఆంటీ తన బొటనవేలు గాల్లో మెల్లగా వెనక్కి లాగి చూపించారు.