వెలుగుతోందని ఫిర్యాదు

మా ఊరి పాలకేంద్రం దారిలో సోలార్ దీపం పెట్టించింది నేనే. దానికోసం పలమనేరులో ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో చెప్పలేను. తెల్లవారకముందే ఆడవాళ్లు పాలక్యాన్లు మోసుకుంటూ పాములు తిరిగే దారిన నడుస్తుంటే మీకు నిద్రెలా పడుతోందని ఒక అధికారిని మొహం మీదే అడిగాను. ఆషాఢంలో స్తంభం పాతారు. పొద్దుగూకగానే దానంతట అదే వెలుగుతుంది, తెల్లారాక ఆరిపోతుంది. స్విచ్చే లేదు. అదో గొప్పని ఊరంతా చెప్పుకున్నదీ నేనే.

స్తంభం పక్కనే నా తోడికోడలి చామంతి తోట. దసరా పూల కోసం వేసింది. అందరి తోటల్లో మొగ్గ కనబడింది. ఆమె తోటలో మాత్రం దారి వైపున్న సగభాగం మొగ్గ లేకుండా ఆకు మీద ఆకు వేసుకుంటూ పెరుగుతూనే ఉంది. ఎరువు చాలలేదన్నాను, నారు మంచిది కాదన్నాను, నారు అమ్మినవాడితో గొడవ కూడా పడ్డాను. చివరికి తోటల ఆఫీసరు వచ్చి మొక్కను వదిలేసి స్తంభాన్ని చూశాడు. రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉంటేనే చామంతి మొగ్గ వేస్తుందట. పక్కన దీపముంటే దానికి ఇంకా పగలే. ఇవాళే ఆర్పినా దసరాకు రావు, కార్తీకానికి రావచ్చన్నాడు. డిగ్రీలో బోటనీ చదివినదాన్ని, నాకు తట్టలేదు.

ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. దీపం వెలగడం లేదా అని అడిగాడు అవతలి మనిషి. వెలుగుతోందన్నాను.

"వెలిగితే ఇంకేం కావాలమ్మా?"

వెలగకపోయినా, స్తంభం పడిపోయినా రాసుకుంటారట. వెలుగుతోందని రాసుకోవడానికి చోటు లేదట. చాలాసేపు వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, అంతే.

చివరికి నేనే చెబితే మా మరిది నిచ్చెన వేసి దీపానికి గోనెసంచి కట్టాడు. మూడోనాడు తెల్లవారుజామున ఒక ముసలామె ఆ చీకటి దారిలో పాలతో సహా పక్క కాలవలో పడింది. మణికట్టు విరిగింది. ఆమె కోడలు మా గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"లైటు తెప్పిచ్చిందీ నువ్వే, దానికి గోతం కట్టిచ్చిందీ నువ్వేనా అక్కా? మీ ఇంటి పూల కోసరం మా అత్త చెయ్యి ఇరగాల్నా?"

ఎవరేమన్నా నా దగ్గర రెండు జవాబులుంటాయి. ఆ పొద్దు మాత్రం మరిదిని పిలిచి గోనె విప్పించాను. తోట వైపు మాత్రం రేకు అడ్డం పెడదామంటే, ఇక ఆ స్తంభాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఊరంతా ఒక్క మాట మీద ఉంది.

ఈ మాట చెబుదామని తోటకు వెళితే తోడికోడలు అప్పటికే దారి వైపు మొక్కలు పీకి గట్టు మీద వేస్తోంది. నన్ను తిట్టినా బాగుండేది.

"ఈ రెండు సాళ్లూ నువ్వు పెరుకక్కా," అంది తలెత్తకుండానే. "నీతో కొట్లాడేదానికి నాకు శక్తి లేదు."

కుచ్చిళ్లు దోపుకుని వంగాను. మొక్కలు ఎంత బలంగా ఉన్నాయంటే, రెండు చేతులా లాగితే గానీ ఒక్కటీ రాలేదు.