సీమంతం గాజులు మోగని రాత్రి

నమ్మకపోతే మానండి, నాకేం నష్టం లేదు. ఈ కుడిచేత్తోనే అన్నం తింటున్నాను, దీని మీదే ఒట్టేసి చెబుతున్నాను. నేను ఊరికే జడుసుకునే మనిషిని కాదని మీకు తెలుసు.

మలయాకి మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, ఇంకా రాలేదు. అడవిలో కమ్యూనిస్టులకీ తెల్లదొరల సర్కారుకీ పోరు నడుస్తున్న ఎమర్జెన్సీ రోజులు. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో మా ఆయన గుమాస్తా. నాకు ఏడో నెల. సీమంతం జరిగి రెండు రోజులే అయింది, రెండు చేతుల నిండా గాజులు. ఆ సాయంత్రం కర్ఫ్యూ పెట్టేశారు. మా ఆయన టౌన్లో చిక్కుకుపోయారు. ఒంటరిగా ఎందుకని ఎస్టేటు డాక్టరమ్మ ఇంట్లో పడుకున్నాను.

ఆమె యూదుల మనిషి. యుద్ధంలో వాళ్ల దేశంలో యూదులను వెతికి వెతికి పట్టుకుపోతుంటే, చెల్లెలితో కలిసి ఎవరిదో వంటింటి నేల కింద ఏడాదికి పైగా దాక్కుందట. రాత్రిళ్లు బయటికొచ్చి, శత్రువు మీద తిరగబడ్డవాళ్లకి కబుర్లు చేరవేసేదట. చివరికి అడవి దాటి పారిపోయింది. ఒక్కతే. చెల్లెలు రాలేదు. అంతకు మించి చెప్పేది కాదు. ఎస్టేటుకొచ్చాక కూడా వంటింటి చెక్కపలకల కింద గొయ్యి తవ్వించుకుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేక.

నడిరాత్రి... ఎండు కొబ్బరిమట్టలు విరుగుతున్న చప్పుడు. కర్... కర్... అడుగులు. ఒకరివి కాదు.

అడవిలో తుపాకులు పట్టినవాళ్లు తమ గాయాలకి కట్లు కట్టించుకోవడానికి డాక్టర్లను ఎత్తుకుపోతున్నారని అప్పటికే విన్నాం. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. డాక్టరమ్మ చప్పుడు కాకుండా పలక ఎత్తింది. గాజులు తీసేయమని సైగ చేసింది. ప్రసవమయ్యేదాకా వాటిని తీయకూడదు కదా.

"తీయనమ్మా. బిడ్డకి కీడు," అన్నాను.

ఆమె నన్ను గాజులతోనే గోతిలోకి దింపి, తనూ దిగి, పైన పలక మూసేసింది.

గోతిలో నా ఎడమపక్క ఆమె. కుడిపక్క మట్టిగోడ, అంతే. పైన బూట్లు తిరుగుతున్నాయి. నాకు వణుకు పుట్టింది. గాజులు... గల్... అన్నాయి.

పైన ఒక అడుగు ఆగిపోయింది.

డాక్టరమ్మ తన రెండు చేతులతో నా ఎడమచేతి గాజులు బిగించి పట్టుకుంది. ఆమె పది వేళ్లూ నాకు తెలుస్తూనే ఉన్నాయి. అప్పుడు... నా కుడిచేతి మీద ఇంకో చెయ్యి పడింది. చిన్నది. చల్లగా ఉంది. గాజులన్నిటినీ కలిపి గుప్పిట పట్టింది. ఆ చేతికి అలవాటైన పనిలా ఉంది అది.

గాజులు మళ్లీ మోగలేదు. చాలాసేపటికి బూట్లు వెళ్లిపోయాయి.

తెల్లవారాక పైకొచ్చి అడిగాను, "అమ్మా, నా కుడిసెయ్యి ఎవులు పట్టుకున్నారు?" అని.

ఆమెకి మా తెలుగు వచ్చు, వార్డులో మా ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది. "సిన్న సెయ్యా?" అంది. తలూపాను. ఎత్తిన పలక పక్కనే కూర్చుని గోతిలోకి చూసింది.

"ఆ నేల కింద మా సెల్లి ఎప్పుడూ గోడవైపే పడుకునీది," అంది. ఏడుస్తూ, "మరి నన్నెందుకు ముట్టుకోలేదే?" అంది.

అది నా భయమో, ఇంకేమిటో, ఈనాటికీ నాకు తేలలేదు. నాకు ఆడపిల్ల పుట్టింది, బంగారంలా ఉంది. డాక్టరమ్మ మాత్రం ఆ తర్వాత చాలా రాత్రులు గోతిలోనే పడుకునేదట. గోడవైపు చోటు వదిలి, అటు చెయ్యి చాపి. వాళ్ల పనిమనిషి చెప్పింది. ఎవరైనా వచ్చారా అని అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.